రెండు చేతుల్లో రెండు పాటలు: చిన్న బరోక్ పీసులతో పాలీఫోనీ నేర్చుకునే పద్ధతి

పియానో మీద కుడిచేయి విడిగా వాయిస్తే వచ్చేస్తుంది. ఎడమచేయి విడిగా వాయించినా వచ్చేస్తుంది. రెండూ కలపగానే మూడో బార్ (నొటేషన్‌లో రెండు నిలువుగీతల మధ్య భాగం) దగ్గర ఆగిపోతుంది. బరోక్ కాలపు స్వరకర్త బాఖ్ రాసిన ఇన్వెన్షన్లు, అంటే రెండు గొంతుల చిన్న పీసులు, మొదలుపెట్టినవాళ్లు దాదాపు అందరూ అడిగేది దీని గురించే. వేళ్లకు బలం చాలక ఇలా జరగదు. అంతకుముందు నేర్చుకున్న పీసుల్లో కుడిచేతిది పాట, ఎడమచేతిది తోడు. తోడు చేతిని అలవాటుకు వదిలేసి చెవినంతా పాట మీద పెట్టినా నడిచిపోయేది. రెండు గొంతుల సంగీతంలో, అంటే రెండు విడి పాటలు ఒకేసారి నడిచే పాలీఫోనీలో, ఆ వెసులుబాటు లేదు. ఎడమచేతిలో ఉన్నది కూడా పూర్తి పాటే.

అందుకే సాధన చేసే తీరు మారాలి. కుడిచేయి వాయిస్తుండగా ఎడమచేతి పాట చెవికి విడిగా వినిపించాలి. కింద చెప్పిన ప్రతి మెట్టూ ఆ ఒక్క సామర్థ్యం కోసమే. 3, 5 మెట్లను దాటేయాలని చాలామందికి అనిపిస్తుంది. దయచేసి దాటేయకండి. కలిపినప్పుడు వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం అక్కడే తీరిపోతుంది.

1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

చేతికి రావాల్సినవి:

- సీ, జీ, ఎఫ్, డీ మేజర్ స్కేళ్లు, ఏ మైనర్, డీ మైనర్ స్కేళ్లు, ఒక్కో చేత్తో రెండేసి ఆక్టేవ్‌లు, తడబడకుండా.
- బాస్ క్లెఫ్‌లో (కింది స్వరాలు, సాధారణంగా ఎడమచేతివి, రాసే వరుసలో) గీతలు లెక్కపెట్టకుండా స్వరాన్ని గుర్తుపట్టడం. ఇది రాకపోతే మిగతాదంతా ఆగిపోతుంది. ముందు దీన్ని పూర్తి చేయండి.
- చుక్క పెట్టిన స్వరాలు, టై కట్టిన స్వరాలు లెక్క తప్పకుండా పట్టి ఉంచడం.

వాయిద్యం విషయంలో ఎక్కువ బెంగ అక్కర్లేదు. బాఖ్ ఈ పీసులను నాలుగు ఆక్టేవ్‌ల కీబోర్డుకు సరిపోయేలా రాశాడు. 61 మీటల కీబోర్డు చాలు. మీటను నొక్కే బలాన్ని బట్టి ధ్వని పెరిగి తగ్గే రకం అయితే మేలు, ఎందుకంటే ఒక గొంతును పెంచి ఇంకోదాన్ని తగ్గించే అభ్యాసం మున్ముందు వస్తుంది. కీబోర్డులో హార్ప్సికార్డ్ ధ్వని ఉంటే అప్పుడప్పుడు దాంతోనూ వాయించండి. స్వరాన్ని ఎప్పుడు వదులుతున్నారో అందులో దాపరికం లేకుండా తెలుస్తుంది.

నొటేషన్ ఎంచుకోవడంలో మాత్రం జాగ్రత్తగా ఉండాలి. హెన్లే, బేరెన్‌రైటర్, వీనర్ ఉర్‌టెక్స్ట్ వంటి ఉర్‌టెక్స్ట్ ప్రతులు, అంటే సంపాదకుల చేర్పులు లేకుండా స్వరకర్త రాసినదాన్నే ఇచ్చేవి, మంచివి. ఇన్వెన్షన్లలో బాఖ్ వేగం గుర్తులు, పెద్దగా చిన్నగా వాయించమనే గుర్తులు రాయలేదు. స్లర్లు (స్వరాలను కలిపి వాయించమనే వంపుగీతలు) కూడా చాలా అరుదు. పాత ప్రతుల్లో కనిపించే పొడవాటి స్లర్లు, క్రెసెండోలు (ధ్వనిని క్రమంగా పెంచమనే గుర్తులు) తర్వాతి సంపాదకులు చేర్చినవి. వాటిని బాఖ్ ఆజ్ఞలుగా తీసుకుంటే మీరు తీసుకోవాల్సిన నిర్ణయాలన్నీ ఇంకెవరో తీసేసుకున్నట్టే.

వీటితోపాటు రెండు రంగుల పెన్సిళ్లు, మెట్రోనోమ్, ధ్వని రికార్డు చేసే పరికరం ఏదైనా ఒకటి దగ్గర పెట్టుకోండి.

2. ఏ పీసు ముందు, ఏది తర్వాత

ఇన్వెన్షన్లు మొత్తం 15, బీడబ్ల్యూవీ (బాఖ్ రచనల జాబితా సంఖ్య) 772 నుంచి 786 వరకు. పుస్తకంలో అవి సీ మేజర్, సీ మైనర్, డీ మేజర్, డీ మైనర్ అంటూ శ్రుతుల వరుసలో ఉంటాయి. కష్టానికీ ఆ వరుసకూ సంబంధం లేదు. ఒకటో పీసు అయ్యాక పేజీ తిప్పి రెండోది మొదలుపెట్టినవాళ్లు అక్కడే చిక్కుకుపోతారు, ఎందుకంటే సీ మైనర్ ఇన్వెన్షన్‌లో ఎడమచేయి కుడిచేతిని రెండు బార్ల తేడాతో అక్షరం పొల్లుపోకుండా అనుసరిస్తుంది.

నేను సూచించే వరుస:

- సన్నాహానికి: బాఖ్ భార్య అన్నా మగ్దలేనా బాఖ్ 1725 నోటుపుస్తకంలోని జీ మేజర్, జీ మైనర్ మినుయెట్లు. ఇవి క్రిస్టియన్ పెట్‌జోల్డ్ రాసినవి. ఎడమచేయి కదిలే తీరు పాటలాగే ఉంటుంది కానీ కుడిచేతితో పోటీ పడదు.
- తర్వాత: బాఖ్ చిన్న ప్రెల్యూడ్లలో ఒకటో రెండో. సీ మేజర్‌లోని బీడబ్ల్యూవీ 939 బాగా చిన్నది. 933 నుంచి 938 వరకు ఉన్న ఆరింటిలో కొన్ని ఇన్వెన్షన్లంత కష్టం, వాటికి తొందర లేదు.
- మొదటి నాలుగు ఇన్వెన్షన్లు: 1 (సీ మేజర్), 4 (డీ మైనర్), 8 (ఎఫ్ మేజర్), 13 (ఏ మైనర్).
- ఆపైన: 10 (జీ మేజర్), 14 (బీ ఫ్లాట్ మేజర్).
- తీరిగ్గా: 2, 6, ఆ తర్వాత మిగతావి. ఎఫ్ మైనర్‌లోని 9వది వేళ్లకన్నా చెవికి కష్టం. దాన్ని చివర్లో పెట్టుకోండి.

3. మీట ముట్టుకోకముందు పెన్సిల్ పని

ఒకటో ఇన్వెన్షన్‌నే ఉదాహరణగా తీసుకుందాం. మొత్తం 22 బార్లు. కుడిచేయి ఒక చిన్న విరామంతో మొదలై సీ–డీ–ఈ–ఎఫ్–డీ–ఈ–సీ అనే ఏడు సెమీక్వేవర్లు వాయించి పైన ఉన్న జీ మీదికి దూకుతుంది. సెమీక్వేవర్ అంటే ఒక బీట్‌లో నాలుగు వచ్చే స్వరం. సగం బార్ తర్వాత ఎడమచేయి అదే మాటను ఒక ఆక్టేవ్ కింద చెబుతుంది. ఇదే మోటిఫ్. పీసంతా దీని మీదే నడుస్తుంది.

ఇప్పుడు నొటేషన్ ముందు పెట్టుకుని ఈ క్రమంలో గుర్తులు పెట్టండి:

- మోటిఫ్ మామూలుగా వచ్చిన ప్రతిచోటా, ఏ చేతిలో వచ్చినా, ఒక రంగుతో పైన గీత.
- తలకిందులుగా వచ్చినచోట రెండో రంగు. 3, 4 బార్లలో కుడిచేయి చూడండి. ఎక్కాల్సినచోట దిగుతూ, దిగాల్సినచోట ఎక్కుతూ అదే ఆకారం మెట్లు మెట్లుగా కిందికి వస్తుంది.
- అక్కడే ఎడమచేయి చూడండి. మోటిఫ్ మొదటి నాలుగు స్వరాల ఆకారం రెట్టింపు నిడివితో, క్వేవర్లలో (ఒక బీట్‌లో రెండు వచ్చే స్వరాల్లో) పైకి నడుస్తుంది. దీనికి చుక్కల గీత.
- కేడెన్సులు, అంటే వాక్యం ముగిసే చోట్లు: 7వ బార్ మొదట్లో జీ మేజర్, 15వ బార్ మొదట్లో ఏ మైనర్, చివర్లో సీ మేజర్. అక్కడ నిలువుగీత గీసి, మూడు భాగాలకు పేర్లు పెట్టండి.
- 7వ బార్ నుంచి ఎడమచేయి ముందు మాట్లాడుతుంది, కుడిచేయి జవాబిస్తుంది. అక్కడ బాణం గుర్తు పెట్టండి.

ఈ పని అయ్యేసరికి 22 బార్ల పీసు నిజానికి ఒక మోటిఫ్, దాని తలకిందులు, మూడు ముగింపులు అని కళ్లకు కనిపిస్తుంది. నేర్చుకోవాల్సిన కొత్త విషయం ఎంత తక్కువో తెలిసినప్పుడు చేయి దానంతట అదే నెమ్మదిస్తుంది.

4. ఫింగరింగ్: ఒకసారి నిర్ణయించి, రాసి, మార్చకుండా

రెండు గొంతుల పీసులో వేలు మారితే ఆ చేతికి తర్వాతి స్వరం అందదు. ఆ చేతిని సర్దుకునే లోపు రెండో గొంతు కూడా ఆగిపోతుంది. అందుకే ఫింగరింగ్, అంటే ఏ స్వరానికి ఏ వేలు అన్నది, మొదటిరోజే తేల్చుకోవాలి. అంకెల్లో 1 బొటనవేలు, 5 చిటికెనవేలు.

ఒకటో ఇన్వెన్షన్ మొదటి బార్‌కు ఒక పద్ధతి: కుడిచేతికి 1-2-3-4-2-3-1, తర్వాత జీ మీద 2, పై సీ మీద 4, బీ మీద 3, సీ మీద 4, రెండో బార్ మొదటి డీ మీద 5. ఎడమచేతికి 5-4-3-2-4-3-5, జీ మీద బొటనవేలు. మీ చేయి చిన్నదైనా పెద్దదైనా ఇందులో మార్పులు చేసుకోవచ్చు. మార్చాక రాసిపెట్టుకోండి, అంతే.

పాటించాల్సిన నియమాలు కొన్నే. నిర్ణయం అసలు వేగానికి దగ్గరగా వాయించి చూసి తీసుకోండి. నిదానంలో బాగున్న వేలు వేగంలో అందకపోవచ్చు. ఒకే ఆకారం మెట్లుగా దిగుతున్నప్పుడు నల్ల మీట అడ్డం రానంతవరకు అదే ఫింగరింగ్ తిరిగి వాడండి. ప్రతి స్వరానికీ అంకె రాయకండి. చేయి చోటు మారే స్వరానికి రాస్తే చాలు. డీ మైనర్ ఇన్వెన్షన్ మొదట్లో బీ ఫ్లాట్ నుంచి కింది సీ షార్ప్‌కు ఒక పెద్ద దూకుడు ఉంది, వెంటనే తిరిగి పైకి. అక్కడ చేయి కొద్దిగా తెరుచుకోవాలి, మణికట్టు బిగుసుకోకూడదు. అలాంటి చోట్ల అంకె తప్పనిసరి.

5. ఒక్కో గొంతును పాడటం

గొంతు బాగోలేదని దీన్ని వదిలేయకండి. ఇక్కడ పాడేది ఎవరికీ వినిపించడానికి కాదు. పాడలేని గొంతును చెవి వెంబడించలేదు.

ముందు ఎడమచేయి. ఎప్పుడూ ఎడమచేతితోనే మొదలుపెట్టండి. మూడు నాలుగు బార్లు వాయిస్తూ పాడండి. మీకు అందని ఎత్తులో ఉంటే ఒక ఆక్టేవ్ పైకో కిందికో మార్చుకోండి. తర్వాత వాయించకుండా పాడి, చివరి స్వరం దగ్గర మీట నొక్కి సరిచూసుకోండి. శ్రుతి జారితే ఆ చోట మీ చెవికి ఇంకా పట్టుబడలేదన్నమాట.

పాడుతున్నప్పుడు ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారో గమనించండి. అదే సహజంగా వాక్యం విరిగే చోటు. నొటేషన్‌లో కామా పెట్టండి. రెండు గొంతుల కామాలు ఒకేచోట పడవు. కుడిచేయి ఊపిరి తీసుకునేటప్పుడు ఎడమచేయి మాట మధ్యలో ఉంటుంది. పాలీఫోనీలో అసలు కష్టమూ అసలు అందమూ ఇదే.

రెండు చేతులు కలిపే ముందు చూసుకోవాల్సినవి:

- ఎడమచేతి గొంతును ఏ బార్ నుంచైనా మొదలుపెట్టి పాడగలను.
- ఒక్కో చేత్తో నొటేషన్ చూడకుండా కనీసం నాలుగు బార్లు వాయించగలను.
- ప్రతిసారీ అవే వేళ్లు పడుతున్నాయి.
- కేడెన్స్ ఎక్కడ ఉందో, అక్కడ ఏ శ్రుతికి చేరామో చెప్పగలను.

6. రెండు చేతులు కలపడం

ఇక్కడే అందరూ తొందరపడతారు. పీసు మొదటినుంచి చివరిదాకా నెమ్మదిగా కలిపి వాయిస్తూ పోతే ఎక్కడెక్కడ తడబడ్డారో ఆ తడబాట్లే గట్టిపడతాయి. చిన్న ముక్క తీసుకోండి. ఒకటో ఇన్వెన్షన్‌లో అయితే సగం బార్, దానికి అదనంగా తర్వాతి బీట్ మొదటి స్వరం. ఆ అదనపు స్వరం చాలా ముఖ్యం. అది లేకపోతే ముక్కలు ఒకదానికొకటి అతుక్కోవు.

మెట్రోనోమ్ ఒక్కో క్వేవర్‌కు ఒక టిక్ చొప్పున 60 దగ్గర పెట్టండి. ప్రతి ముక్కనూ ఈ క్రమంలో చేయండి:

- ఎడమచేయి మీటల మీద, కుడిచేయి మీటల పైన మూత మీద తడుతూ. అంటే కుడిచేతి లయ ఉంటుంది, ధ్వని ఉండదు. తర్వాత చేతులు మార్చండి.
- ఎడమచేయి వాయిస్తూ కుడిచేతి గొంతు పాడండి. ఇది కుదిరాక కుడిచేయి వాయిస్తూ ఎడమచేతి గొంతు పాడండి.
- రెండు చేతులూ వాయిస్తూ పై గొంతు పాడండి. మళ్లీ వాయిస్తూ కింది గొంతు పాడండి.
- ఎడమచేయి గట్టిగా, కుడిచేయి మెత్తగా. తర్వాత తారుమారు.

రెండో పని అన్నింటికన్నా కష్టం. దానివల్ల వచ్చే లాభం కూడా అన్నింటికన్నా ఎక్కువ. ఒక చేయి వాయిస్తుండగా ఇంకో గొంతు పాడగలిగినప్పుడు ఆ రెండు గొంతులూ మీ బుర్రలో నిజంగా విడిపోయాయి. ఒక బార్ మాత్రమే వచ్చినా సరే, ఆ రోజుకు అది చాలు.

ముక్కలను పీసు చివరినుంచి మొదటికి నేర్చుకోండి. చివరి రెండు బార్లు ముందు, తర్వాత వాటి ముందు రెండు. ఇలా చేస్తే వాయిస్తున్నకొద్దీ బాగా తెలిసిన చోటికి చేరుకుంటారు. మొదటినుంచి నేర్చుకున్నవాళ్లకు మొదటి పేజీ ఎప్పుడూ బాగుంటుంది, చివరి పేజీ ఎప్పుడూ వణుకుతుంది.

ఎఫ్ మేజర్ ఇన్వెన్షన్‌కు ఒక మార్పు అవసరం. అందులో ఎడమచేయి కుడిచేతిని ఒక బార్ తేడాతో అలాగే అనుసరిస్తుంది. కాబట్టి ముందు కుడిచేతి గొంతును రికార్డు చేసుకుని, ఒక బార్ ఆగి, దాంతోపాటు ఎడమచేయి వాయించండి. చెవి అనుసరించడం నేర్చుకున్నాక రెండు చేతులు కలపడం తేలికవుతుంది.

7. టచ్: స్వరాన్ని ఎప్పుడు వదలాలి

బరోక్ పీసుల్లో భావం ఎక్కువ భాగం మీటను ఎలా నొక్కారనే దానికన్నా ఎప్పుడు వదిలారనే దాంట్లో ఉంటుంది. మొదటి ప్రయత్నానికి పనికొచ్చే సూత్రం ఒకటుంది: పక్కపక్కన నడిచే సెమీక్వేవర్లు కలిపి, దూకుళ్లున్న క్వేవర్లు కొద్దిగా విడదీసి. విడదీయడం అంటే స్టకాటోలా పొడవడం కాదు. స్వరం నిడివిలో ఎక్కువ భాగం ఉంచి, చివర్లో సన్నని గాలి వదలడం.

కుడిచేయి మోటిఫ్‌ను ఎలా పలికిందో ఎడమచేయీ అలాగే పలకాలి. దీన్ని కచ్చితంగా పట్టుకోండి. ఒకే మాటను రెండు రకాలుగా పలికితే వినేవాళ్లకు అది అదే మాట అని తెలియదు. రికార్డు చేసి, మోటిఫ్ వచ్చిన చోట్లు మాత్రమే విని పోల్చండి. ఎడమచేతిలో సాధారణంగా అన్నీ అతుక్కుపోయి ఉంటాయి.

ఒకటో ఇన్వెన్షన్ 15 నుంచి 18వ బార్ దాకా ఒక చేయి మోటిఫ్ చెప్పి పొడవైన స్వరం పట్టి ఉంచుతుంది, ఆ సమయంలో రెండో చేయి జవాబిస్తుంది. పట్టి ఉంచిన స్వరాన్ని రెండో చేయి కదలగానే వదిలేయడం చాలా సాధారణం. అక్కడ నిదానంగా ఆగి, వేలు ఇంకా కిందే ఉందా అని ప్రతి బీట్‌కూ చూసుకోండి.

సస్టెయిన్ పెడల్ ప్రస్తుతానికి వద్దు. పెడల్‌తో అతికించిన చోట్లన్నీ వేళ్లు నేర్చుకోని చోట్లుగా మిగిలిపోతాయి.

8. అలంకారాలు ఎప్పుడు చేర్చాలి

పీసు అలంకారాలు (స్వరానికి చేర్చే చిన్న మెలికలు) లేకుండా నిలకడగా వచ్చేదాకా వాటిని వదిలేయండి. చేర్చినప్పుడు ఒక్కోటి చేర్చండి.

బాఖ్ తన పెద్ద కొడుకు విల్‌హెల్మ్ ఫ్రీడెమాన్ కోసం 1720లో మొదలుపెట్టిన నోటుపుస్తకంలో అలంకారాల పట్టిక ఒకటి రాసిచ్చాడు. అందులోంచి ముందు రెండు చాలు. వంకర గీతకు అడ్డంగా నిలువుగీత ఉంటే మోర్డెంట్: అసలు స్వరం, కింది స్వరం, మళ్లీ అసలు స్వరం. నిలువుగీత లేకపోతే ట్రిల్: పై స్వరంతో మొదలవుతుంది. రెండూ బీట్ మీదే మొదలవ్వాలి, బీట్‌కు ముందు కాదు. ఒకటో ఇన్వెన్షన్ మొదటి బార్‌లోని మోర్డెంట్ బీ–ఏ–బీ అని పలుకుతుంది, ఎడమచేయి దానికింద మోటిఫ్ మధ్యలో ఉంటుంది.

డీ మైనర్ ఇన్వెన్షన్‌లో ముందు కుడిచేతికి, తర్వాత ఎడమచేతికి బార్ల తరబడి సాగే ట్రిల్ ఉంది. చాలామంది ఆ పీసును అక్కడే వదిలేస్తారు. వదలకండి. మొదట ట్రిల్ స్వరాన్ని ఊరికే పట్టి ఉంచి, రెండో చేతి గొంతు వాయించండి. తర్వాత రెండో చేతి ఒక్కో సెమీక్వేవర్‌కు ట్రిల్‌లో రెండు స్వరాలు లెక్కపెట్టి వేయండి. ఆ లెక్క చేతికి పట్టాక లెక్క మరిచిపోయినా చెదరదు.

9. వేగం

1723లో బాఖ్ తన చేత్తో రాసిన శుద్ధప్రతి ముఖపత్రంలో ఈ పీసుల ముఖ్య ఉద్దేశాల్లో ఒకటి పాడినట్టు వాయించడం అని స్పష్టంగా ఉంది. వేగం గురించి అక్కడ మాటే లేదు. ఒకటో ఇన్వెన్షన్‌కు క్రాచెట్ (ఒక బీట్ నిడివి స్వరం) నిమిషానికి 60 నుంచి 80 మధ్య నాకు సరిగ్గా అనిపిస్తుంది. రెండు గొంతులూ వినిపించే గరిష్ఠ వేగమే మీ వేగం. అంతకు మించితే ఎడమచేయి మళ్లీ తోడుగా మారిపోతుంది.

10. తరచూ వచ్చే చిక్కులు, వాటిని సరిచేసే తీరు

రెండు చేతుల స్వరాలు ఒకేసారి పడవు. తొడల మీద రెండు చేతుల లయ మాత్రమే తట్టండి. సెమీక్వేవర్లు ఒక చేతినుంచి ఇంకో చేతికి మారే క్షణంలో ఖాళీ వస్తుందేమో చూడండి. తప్పు దాదాపు ఎప్పుడూ అక్కడే.

ఎప్పుడూ ఒకేచోట ఆగిపోతారు. ఆగిన స్వరంలో తప్పు వెతకకండి, దాని ముందున్న మూడు నాలుగు స్వరాల్లో వేలు చూడండి. చేయి చోటు మారడం ఆలస్యమై ఉంటుంది.

మోటిఫ్ వచ్చిన ప్రతిసారీ గట్టిగా కొడతారు. మోటిఫ్ వినిపించాలని చెప్పగానే వచ్చే అలవాటు ఇది. మోటిఫ్‌ను పెంచే బదులు రెండో గొంతును తగ్గించండి. మోటిఫ్ ముందు చిన్న ఊపిరి ఇవ్వండి. అంతమాత్రానికే చెవి అటు తిరుగుతుంది.

బొటనవేలు పడ్డ స్వరం బయటికి పొడుచుకొస్తుంది. ఆ ముక్కను చాలా మెత్తగా, నిదానంగా, అన్ని స్వరాలూ సమానంగా వచ్చేదాకా వాయించండి.

కంఠస్థంగా వాయిస్తూ మొదటి బార్లలోంచి 7వ బార్‌లోకో, అక్కడినుంచి వెనక్కో జారిపోతారు. రెండు చోట్లా మోటిఫ్ ఒకటే, చేతుల వరుసే వేరు. రెండు చోట్లనూ వెంటవెంటనే వాయించి, ఏ చేయి ముందు మొదలవుతుందో, ఏ శ్రుతిలో ఉన్నామో పైకి చెప్పండి.

తర్వాతి పీసుకు వెళ్లే ముందు:

- మూడు భాగాల్లో దేనినుంచైనా కలిపి మొదలుపెట్టగలను.
- రికార్డు వింటూ ఎడమచేతి గొంతును మాత్రమే చివరిదాకా వెంబడించగలిగాను.
- రెండు చేతుల్లోనూ మోటిఫ్ ఒకేలా పలుకుతోంది.
- పట్టి ఉంచాల్సిన స్వరాలు పూర్తి నిడివి ఉంటున్నాయి.

11. మూడు గొంతులకు వెళ్లేటప్పుడు

ఐదారు ఇన్వెన్షన్లు ఈ పద్ధతిలో పూర్తయ్యాక బీడబ్ల్యూవీ 787 నుంచి 801 వరకు ఉన్న 15 సిన్ఫోనియాలు, అంటే బాఖ్ మూడు గొంతుల పీసులు, తెరవండి. ఇక్కడ కొత్త ఇబ్బంది ఒకటే: మధ్య గొంతుకు సొంత చేయి లేదు. కొంతసేపు కుడిచేతిలో, కొంతసేపు ఎడమచేతిలో ఉంటుంది. ముందు మధ్య గొంతు స్వరాలన్నింటికీ ఒక రంగు వేయండి, ఏ చేయి తీసుకుంటుందో పక్కన రాయండి.

తర్వాత జంటలుగా సాధన చేయండి: పై గొంతు, కింది గొంతు. పై గొంతు, మధ్య గొంతు. మధ్య గొంతు, కింది గొంతు. ప్రతి జంటనూ మూడు గొంతులు కలిసినప్పుడు వాడే వేళ్లతోనే వాయించాలి, ఆ క్షణానికి సులువైన వేళ్లతో కాదు. మీట కింద ఉండగానే వేలు మార్చడం ఇక్కడ తరచూ అవసరమవుతుంది. ఒక పొడవైన స్వరం మీద 5 నుంచి 4కు, 3 నుంచి 1కు ధ్వని తెగకుండా మార్చే అభ్యాసం రోజూ కాసేపు చేయండి. జీ మైనర్‌లోని 11వ సిన్ఫోనియా నిదానంగా సాగుతుంది, మొదటి ప్రయత్నానికి అది మంచి ఎంపిక. ఎఫ్ మైనర్‌లోని 9వదాన్ని అన్నింటికన్నా చివరికి ఉంచుకోండి.